దారిలనే గద

"అన్నీ పెట్టినవా?" అన్నడు బెంజమిన్, దుప్పట్ల నుంచి తలకాయ బయటికి తీయకుండనే.

అన్నీ అంటే ఏమేం ఉంటయో ఆ మనిషికి తెల్వదు. పద్నాలుగేండ్ల సంసారంల తెలుసుకోవాల్సిన అవసరమే పడలే. లిడియా అప్పటికే బగారన్నం దించింది. కోడికూర స్టీలు డబ్బల పోసి, మూతకు గుడ్డ కట్టి, సంచిల ఒరగకుండ చుట్టూత పాత చున్నీ కుక్కింది. అత్తమ్మ సత్తవ్వకు బయటి నీళ్లు పడవు, అందుకని కాగబెట్టి సల్లార్చిన నీళ్ల సీసలు. ఆమె బీపీ గోలీలు, మోకాళ్ల నూనె, కింద పరుచుకునేతందుకు చద్దరు. చిన్నోడు అహరోను ఆరేండ్లోడు, ఏడికి పోయినా ఏదో ఒకటి మీద ఒలకబోసుకుంటడు, వానికి మారుబట్టలు. పెద్దది గ్రేసుకు ఆటోల తల తిప్పుతది, దానికి నిమ్మకాయ. బెంజమినుకు ఛార్జరు, దస్తీ. పెట్టుకుంట పెట్టుకుంట పోతే నాలుగు సంచులైనయి. పట్నం చూడవోతున్నరా, కాపురం మారుస్తున్నరా అని ఎవలన్న అడిగితే వాళ్లది తప్పు కాదు. చేతులు పొయ్యి కాడ పని చేస్తనే ఉన్నయి గని లిడియా పానం మాత్రం సాయంత్రం ఐదింటి కాడ ఉంది.

ఆ ఐదింటి సంగతి ముందుగల్ల చెప్పాలె.

లిడియా నర్సు. పట్నంల మూడేండ్లు హాస్టల్ల ఉండి ట్రైనింగ్ చేసిన స్టాఫ్ నర్సు. పెండ్లికి ముందు, పెండ్లైనంక గూడ, బెల్లంపల్లిల ఒక చిన్న నర్సింగ్ హోంల చేసింది. ఆడి డాక్టరు "సిస్టర్, పేషెంట్లు లేరు గద, జర చాయ్ పెట్టు" అనేటోడు. పెట్టింది. ఆయన భార్య వచ్చిన రోజు కూరగాయలు గూడ కోసి పెట్టింది. అహరోను కడుపుల పడ్డంక ఆ నౌకరీ పోయింది. బెంజమిన్ మానిపిచ్చిండు అందామంటే ఆయన ఎన్నడు మానెయ్యి అనలే. "చూద్దాం, పోరడు జర పెద్దగ కానియ్యి" అన్నడు. పోరడు నడిచిండు, మాట్లాడిండు, బడికి పోయిండు, బెంజమిన్ ఇంకా చూస్తనే ఉన్నడు. అట్లని పెండ్లాం నర్సు అన్న గర్వం తక్కువేం లేదు. ఆయనతోని బొగ్గుబాయిల చేసేటోళ్లల ఎవని తల్లికి ఇన్సులిన్ ఇయ్యాలన్నా, ఎవని కాలికి పుండు కడిగి కట్టు కట్టాలన్నా "మా లిడియా ఉన్నది గద, పంపిస్త తియ్" అంటడు. అడిగేది లేదు, చెప్పేది లేదు, మందికి ఇంటి పార బదులు ఇచ్చినట్టు ఇచ్చి పంపిస్తడు. వాడకట్టంత "నీ చెయ్యి మంచిదమ్మా, సూది గుచ్చినట్టే తెల్వది" అంటరు. మంచిదే. ఆ మంచి చెయ్యికి ఒక జీతం కావాలంటే మాత్రం "మనకేం తక్కువైంది లిడియా" అని ఆ మనిషి నిజంగనే బాధపడతడు.

మొన్న మంగళవారం అనసూర్యక్క ఫోన్ చేసింది. ట్రైనింగుల లిడియా కన్న రెండేండ్లు పెద్ద. ఇప్పుడు పట్నంల ఒక పెద్ద దవఖానల నర్సులందరి మీద ఆమెనే. ఆ దవఖానోళ్లు వచ్చే నెల మంచిర్యాలల కొత్తది తెరుస్తున్నరు. "నీకు అరగంట దూరం, వార్డు ఇంఛార్జిగ పెడత" అన్నది. "కాయితాలు తర్వాత చూద్దాం, మనిషివి వచ్చి మా మేడంకు కనబడు. శనివారం ఐదింటి దాక ఇద్దరం ఉంటం. కనబడకపోతే వేరేటామెకు పోతది, మల్ల నన్ననొద్దు." శనివారమే వీళ్లు పట్నం చూడనీకి పోయే రోజు. లిడియా ఆ రాత్రి కూర వడ్డిస్తనే, మాట అందులనే కలిపేసినట్టు అడిగింది. "ఎట్లాగు పోతున్నం, అనసూర్యక్కను గూడ కలిసి వద్దమా? ఐదింటి లోపల పోవాలె. మంచిర్యాలల నౌకరీ ఉన్నదట."

బెంజమిన్ ఫోన్ల నుంచి కండ్లు లేపకుండ "పోదాం తియ్, దారిలనే గద" అన్నడు.

ఎక్కడున్నదో అడగలే. ఏ దారిల వస్తదో అడగలే. అయినా పోదాం అన్నడు. ఆయన నోట్లకెల్లి చూద్దాం కాకుండ పోదాం వచ్చిందని లిడియా నాలుగు రోజులు ఆ మాటను పట్టుకొని తిరిగింది. నీలం కాటన్ చీరకు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్నది. అద్దం ముందట నిలబడి "గుడ్ ఈవినింగ్ మేడం" అని మెల్లగ అనుకున్నది, గ్రేస్ చూసి నవ్వితే సిగ్గుపడ్డది.

ఇల్లు దాటే ముందు ప్రార్థన. సత్తవ్వ మామ కాలం నుంచి మెథడిస్టు గుడి మనుషులు, ఊరు దాటుతున్నరంటే ప్రార్థన చేయకుండ గడప దాటరు. సంచులు చేతుల పట్టుకొనే అందరు నిలబడ్డరు. చేసేది ఎప్పుడు బెంజమినే, ఇంటి మగమనిషి చెయ్యాలె. ఆయన గొంతు పెద్దది, గుడిల గూడ పేరున్న గొంతు. ఆయన ఊపిరి పీల్చుకునే తావుల్ల సత్తవ్వ "ఆమేన్" అంటది. ప్రార్థన నడుస్తున్నంత సేపు ఎవలు కదలొద్దు, మాట్లాడొద్దు, కండ్లు తెరువొద్దు. పిల్లలు తెరిస్తే తొడ గిచ్చుతది. కొత్తల ఒకసారి ప్రార్థనల ఉండంగ పాలు పొంగుతున్న సప్పుడు విని లిడియా ఉరికింది. "దేవుని కన్న నీకు పాలు ఎక్కువైనయా బిడ్డా" అన్నది అత్తమ్మ. ఆ రోజు నుంచి పాలు పొంగినా, అన్నం మాడినా, ఫోన్ మోగినా, ఆమేన్ అనేదాక లిడియా కదల్లే.

రైలు పట్నం చేరేసరికి ఎండ ఎక్కింది. స్టేషన్ బయటికి రాంగనే లిడియాకు ఒళ్లంత ఒక తీరుగైంది. ఈ రోడ్ల మీదనే గద తెల్ల బట్టలేసుకొని, జడ మలిచి కట్టి, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి పోయింది. "చార్మినారుకు గా పక్కకెల్లి సీదా బస్సు ఉంటది" అన్నది. బెంజమిన్ ఫోన్ల మ్యాపు తీసి అటు తిప్పి ఇటు తిప్పి "నీ కాలం కాదు ఇది, అన్నీ మారినయి" అన్నడు. ఆటో ఎక్కిచ్చిండు. ఆటో ఆగినకాడల్లా ఆ బస్సే పక్కకెల్లి పోయింది, సీట్లు గూడ ఖాళీ ఉన్నయి. లిడియా చూసింది, ఏమనలే. ఇసుమంటియి అంటే గెలుస్తవు గని రోజంత ఆయన మొఖం మాడ్చుకుంటడు, ఆ మాడిన మొఖాన్ని మల్ల తనే బాగ చేసుకోవాలె. ఆయన మొఖం ఈ రోజు బాగుండాలె. ఐదింటి దాకనన్న బాగుండాలె.

చార్మినారు కాడ ఎక్కుదామంటే సత్తవ్వ మోకాళ్లు ఆ మెట్లకు పనికిరావు. సంచులు మోసుకొని ఎక్కుడు ఎట్లయితది? "నువ్వు అవ్వ కాడ కూసో, మేం జల్ది చూసొస్తం" అన్నడు బెంజమిన్, పిల్లల చెయ్యి పట్టుకొని. అది అడిగినట్టు గూడ కాదు, ముందే అనుకున్నట్టు. లిడియా నీడ చూసి చద్దరు పరిచింది, అత్తమ్మను కూసోబెట్టింది, నాలుగు సంచులు నాలుగు దిక్కుల పెట్టుకున్నది. ట్రైనింగుల ఉన్న మూడేండ్లు గూడ చార్మినారు ఎక్కలే, వార్డు నుంచి హాస్టలు, హాస్టలు నుంచి వార్డు. "పెండ్లైనంక మీ ఆయనతోని వచ్చి ఎక్కుతవులే" అన్నది అప్పటి వార్డెనమ్మ. ఆయనతోనే వచ్చింది, నిజమే. తలకాయ పైకెత్తి చూస్తే ఆ పైన కమాన్ల మధ్యల గ్రేస్ చెయ్యి ఊపుతున్నట్టు అనిపిచ్చింది. ఏ పిల్లదో ఏమో, ఈమె గూడ ఊపింది.

"ఊకె ఫోన్ చూస్తున్నవెందుకే?" అన్నది సత్తవ్వ.

"టైం చూస్తున్న అత్తమ్మా. ఐదింటికి అనసూర్యక్క కాడికి పోవాలె గద."

సత్తవ్వ కొంగుతోని మొఖం తుడుచుకున్నది. ఈ నౌకరీ మాట ఇంట్ల వచ్చినప్పటి నుంచి ఆమె మంచి అనలే, చెడు అనలే. ఇప్పుడు ఎండకు వచ్చిందో, మోకాళ్ల నొప్పికి వచ్చిందో, కోపం వచ్చింది. "నన్ను గూడ రమ్మన్నరు బిడ్డా. హుజూరాబాద్ కాడ మా ఊళ్లె. నాకు కీర్తనలన్నీ నోటికొచ్చేటివి, చదువొచ్చేది. ఊరూరు తిరిగి ఆడోళ్లకు బైబిలు చదివి చెప్పే పని, బైబిలు స్త్రీ అంటరు. గుడి అయ్యగారు పట్నం బడికి పంపిస్తనన్నడు. మీ మామ, పెండ్లి కుదిరింది గద, ఇగ ఎందుకన్నడు. ఇంట్లనే ఉన్న. ఉంటి, పిల్లల్ని కంటి, పొయ్యి ముట్టిస్తి. నేనేమన్న సచ్చిన్నా?"

సావలే అత్తమ్మా, అనుకున్నది లిడియా. సావకుండ నలభై ఏండ్ల నుంచి ఆ మాట నోట్ల పెట్టుకొని ఉన్నవు. పైకి మాత్రం "నీళ్లు తాగుతరా?" అన్నది. తాగిచ్చింది. గోలీ ఇచ్చింది. చుట్టూత గాజుల దుకాండ్ల కాడ ఆడోళ్లు గాజులు తొడుక్కుంట నవ్వుతున్నరు. ఎటు చూసినా ఎవరో ఒకరు ఏదో ఒకదాని కాడికి పోతున్నరు. లిడియా ఒక్కతే కదలకుండ కూసున్నట్టు అనిపిచ్చి, మల్ల ఫోన్ తీసి టైం చూసింది.

చార్మినారు కాడికెల్లి మ్యూజియంకు పోయి, బయట చెట్ల కింద బగారన్నం డబ్బలు విప్పిండ్రు. బెంజమిన్ ప్రార్థన చేసిండు, చిన్నగనే చేసిండు, అటుపోయేటోళ్లు ఇటుపోయేటోళ్లు చూస్తున్నరని గొంతు లోపటికి పోయింది. లిడియా వడ్డించింది. బెంజమినుకు ముక్కలు, సత్తవ్వకు మెత్తటి అన్నం, చిన్నోనికి నోట్లకు, గ్రేసుకు బతిలాడి. అందరిదీ అయ్యేసరికి డబ్బ అడుగున ఇంత మసాల, ఇంత అన్నం మిగిలింది. "నువ్వు గూడ తినరాదు" అన్నడు బెంజమిన్ పండ్లు కుట్టుకుంట. మంచోడే, ప్రతిసారి అంటడు, ఒక్కసారన్న ముందుగల్ల అంటే బాగుండు. అహరోను కూర చెయ్యి తెచ్చి నీలం చీర కుచ్చిళ్లకు తుడిచిండు. లిడియా నీళ్లతోని కడిగితే మరక పసుపు రంగుల పెద్దగైంది. "ఏమైతది, చీరే గద" అన్నడు బెంజమిన్. ఎవలకు కనబడనీకి కట్టుకున్నదో ఆయనకు యాదిల లేదని అప్పుడు తెలిసింది.

"ఇగో, ఐదింటికి..." అని మొదలువెట్టింది.

"ఇంకా మస్తు టైం ఉంది. ఫికర్ చేయకు."

లోపల పెద్ద గడియారం ఉంటది, గంట కొట్టే యాళ్లకు లోపటికెల్లి చిన్న బొమ్మ వచ్చి కొడతది, దాని కోసం మంది నేల మీద కూసోని ఎదురుచూస్తరు. సంచులు కౌంటర్ల పెట్టిచ్చుకున్నరు గనుక ఈసారి లిడియా చేతులు ఖాళీ. సంబురంగ కూసున్నది. ఇంక జరసేపట్ల బొమ్మ వస్తదనంగ అహరోను చీర గుంజిండు. "మమ్మీ, ఒకటికి." లిడియా బెంజమిన్ దిక్కు చూసింది. బెంజమిన్ ఫోన్ పైకెత్తి వీడియో తీయనీకి తయారై ఉన్నడు. "నువ్వు తోల్కపో, నేను తీస్త, మల్ల చూస్తవులే" అన్నడు. ఆమె పోరన్ని ఎత్తుకొని మంది కాళ్ల నడుమకెల్లి బయటపడ్డది. బాత్‌రూం కాడ వాని నిక్కరు గుండీ పట్టుకొని నిలబడితే లోపలికెల్లి గంటలు ఇనబడ్డయి, మంది చప్పట్లు ఇనబడ్డయి. ఒకటి, రెండు, మూడు. మూడైంది అనుకున్నది లిడియా. బొమ్మ పోయిందన్న బాధ కన్న మూడైందన్న కంగారే ఎక్కువైంది. ఇప్పుడు బయలెల్లితే నాలుగింటికి అక్కడుంటరు. మొఖం కడుక్కోవచ్చు, చీర కుచ్చిళ్లు మరక లోపటికి పోయేటట్టు మలిచి కట్టుకోవచ్చు.

బయటికి రాంగనే అడిగింది. "ఇగ పోదామా?"

"ఎటు?" అన్నడు బెంజమిన్.

లిడియా చీర మీది మరక దిక్కు చూసుకున్నది. ఆయనకే యాదికొచ్చింది. "ఆ, మీ అక్క కాడికా. పోదాం పోదాం. పట్నం దాక వచ్చి బిర్యాని తినకుండ పోతమా? బాయిల అందరు అడుగుతరు, ఏం తిన్నవని. తిని, అటుకెల్లి అటే పోదాం. దారిలనే గద."

బగారన్నం అరగనే లేదు. అయినా పోయిండ్రు. ఆ హోటల్ కాడ పెండ్లి ఉన్నట్టు మంది. బయట పేరు చెప్పి నిలబడాలె, పిలిస్తే లోపటికి పోవాలె. నిలబడ్డరు. సత్తవ్వకు కుర్చి అడిగి తెచ్చింది. చిన్నోడు నిద్రకు ఏడ్చిండు, భుజం మీద ఏసుకున్నది. ఎండ మెత్తబడ్డది. ఫోన్ల టైం చూసుడు మానేసింది. అంతల అనసూర్యక్కనే ఫోన్ చేసింది. "ఏడున్నవే?" లిడియా హోటల్ పేరు చెప్పింది. "మేడం బయలెల్లనీకి చూస్తున్నది, నీ కోసమని ఆపిన. మేముండేది నారాయణగూడనే గద, ఆడికెల్లి ఆటోల పది నిమిషాలు పట్టదు. వస్తున్నవా, రాతలేవా?" "వస్తున్న అక్కా" అన్నది లిడియా. ఆమె పక్కన భర్త ఉన్నడు, అత్త ఉన్నది, పిల్లలున్నరు, రోజంత నీళ్లు, గోలీలు, నిమ్మకాయలు అందరికి అందిచ్చింది. ఈ ఒక్కటి తనకు అందిచ్చేటోళ్లు ఎవలు లేరు.

"ఎవరు?" అన్నడు బెంజమిన్. చెప్పింది. ఆయన లోపలి టేబుళ్ల దిక్కు మెడ చాపి చూస్తనే "ఇప్పుడు మన పేరు పిలుస్తడు. తిన్నంక ట్యాంక్‌బండ్ కాడ పడవ ఎక్కిస్తనని పోరనికి చెప్పిన, మల్ల రైలుకు లేటైతది. సోమవారం వస్తనని చెప్పరాదు" అన్నడు.

"సోమవారం ఎట్లొస్త?"

"చూద్దాం."

లోపల టేబుల్ దొరికింది. బిర్యాని వచ్చింది, పొగలు కక్కుకుంట, పెద్ద పళ్లెంల. పక్కన మిరపకాయల కూర, పెరుగు. వెయిటరు పళ్లాలు టకటక పెట్టి పోయిండు. బెంజమిన్ గంటె పట్టుకున్నడు. సత్తవ్వ కొంగు తల మీదికి గుంజుకొని, చేతులు జోడించి, కండ్లు మూసుకున్నది. అంటే ప్రార్థన కావాలె.

బెంజమిన్ గంటె కింద పెట్టిండు. పక్క టేబుల్ మీద కాలేజీ పోరలు, పోరీలు గలగల నవ్వుకుంట తింటున్నరు. ఆయన చెవులు ఎర్రబడ్డయి. "ఇక్కడెందుకవ్వా, మనసుల చేసుకుందాం" అన్నడు.

"మనసుల చేసేది మనసుల చెయ్. నోటితోని చేసేది నోటితోని చెయ్" అన్నది సత్తవ్వ, కండ్లు తెరువకుండనే.

గుడిల మైకు అవసరం లేని గొంతు ఆయనది. ఇక్కడ నలుగురు పిల్లల ముందట పెగుల్లే. అటు చూసిండు, ఇటు చూసిండు, చూపు వచ్చి లిడియా మీద ఆగింది. ఉప్పు మరిచిపోతే ఎట్ల అడుగుతడో, దస్తీ కనబడకపోతే ఎట్ల అడుగుతడో, అట్లనే అన్నడు. "లిడియా, నువ్వు చెయ్. చిన్నగ చెయ్, జల్ది."

పద్నాలుగేండ్లల ఆ ఇంట్ల అన్నం ముందట లిడియాను ప్రార్థన చెయ్యమనుడు ఇదే మొదలు. గౌరవమిచ్చి అడగలే, సిగ్గును తెచ్చి ఆమె పళ్లెంల వేసిండు. అందరు తలలు వంచిండ్రు. లిడియా కండ్లు మూసుకున్నది.

"పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నది, గుడిల ఇన్న మాటలే. "ఈ దినమున మమ్మును క్షేమముగా ఈ పట్టణమునకు తీసుకొచ్చినందుకు నీకు స్తోత్రములు."

"ఆమేన్" అన్నది సత్తవ్వ.

"మా ముందర ఉంచిన ఈ ఆహారమును దీవించుము."

"ఆమేన్."

ఇక్కడికి అయిపోవాలె. యేసు నామమున అని అంటే చాలు, చేతులు పళ్లాలలకు పోతయి, పడవ కాడికి పోతరు, రైలు ఎక్కుతరు. ఆ మాట నాలుక మీదికి వచ్చి ఆగింది. ఎందుకాగిందంటే, ఎంత నిమ్మలంగ ఉన్నదో అప్పుడు తెలిసింది. హోటల్ల లొల్లి లొల్లి ఉన్నది గని ఆ ఒక్క టేబుల్ కాడ నలుగురు మనుషులు నోరు మూసుకొని, కండ్లు మూసుకొని, ఆమె ఏమంటదా అని కూసున్నరు. ఇంట్ల ఆమె ఏ మాట మొదలువెట్టినా నడిమిట్ల ఒకరికి నీళ్లు కావాలె, ఒకరికి చార్జర్ కనబడదు, ఒకరు చూద్దాం అంటరు. మొదలువెట్టిన మాట చివరిదాక పోయిన రోజు ఆమెకు యాదిల లేదు. ఇప్పుడు ఆమేన్ అనేదాక ఎవలు కదలరు. ఆ పద్ధతి వీళ్లదే.

"తండ్రీ" అన్నది మల్ల. ఈసారి వచ్చినవి గుడి మాటలు కావు, ఇంటి మాటలు. "నేను ఇప్పుడు లేచి అనసూర్యక్క కాడికి పోతున్న."

"ఆమేన్" అన్నడు బెంజమిన్, చప్పున, ఎంత జల్ది అయిపోతే అంత మంచిదని. మాట చెవిల పడకముందే నోరు అనేసింది.

"మంచిర్యాల దవఖానల డ్యూటీ చేస్త. పొద్దుటిది ఇస్తె పొద్దుట, రాత్రిది ఇస్తె రాత్రి. ఇది నేను అడుగుతలేను తండ్రీ, నీకు చెప్తున్న. మా ఇంటాయనకు పొయ్యి ముట్టిచ్చుడు నేర్పు. బాయిల అంతంత మిషన్లు నడిపేటోనికి ఇది కష్టం కాదు. వాళ్ల అవ్వ మోకాళ్లకు నూనె రాయనీకి ఆయన చేతులకు గూడ వీలు చెయ్యి. వాడకట్టుల సూది కావాలంటే నన్నడిగి పంపించే బుద్ధినియ్యి."

పక్క టేబుల్ కాడ నవ్వులు ఆగినయి. బెంజమిన్ కుర్చి కిర్రుమన్నది గని ఆయన లేవలే. ప్రార్థన నడుస్తున్నది, అవ్వ పక్కన ఉన్నది, ఎట్ల లేస్తడు.

"నేను మంచి నర్సును తండ్రీ" అన్నది లిడియా. "అది నీకు ఎరుక. వీళ్లు మరిచిపోయిండ్రు. ఇంకొన్నేండ్లయితే నేను గూడ మరిచిపోత. నేనంటే ఏందో మరిచిపోయి బతుకుడు నాకు ఇష్టం లేదు."

అనేసినంక భయమైంది. చేసినది పాపమా, ప్రార్థననా? అట్లనిపిచ్చి, ఎన్నడు చెయ్యని పని చేసింది, ప్రార్థన నడిమిట్ల కండ్లు తెరిచింది. బెంజమిన్ కండ్లు బిగ్గర మూసుకొని ఉన్నడు, నుదురు మీద చెమట. పిల్లలు తలలు వంచుకొనే ఉన్నరు. సత్తవ్వ కండ్లు తెరిచే ఉన్నయి. ఎప్పటినుంచి తెరిచి ఉన్నయో, పిల్లలు తెరిస్తే తొడలు గిచ్చే ఆ ముసలామె, కొంగు కింది నుంచి కోడలి మొఖాన్నే చూస్తున్నది. కోపం కాదు, నవ్వు కాదు. ఏదో మంచిగ చూసి గుర్తు పడుతున్నట్టున్నది.

"యేసు నామమున వేడుకుంటున్నం తండ్రీ" అన్నది లిడియా, ఆమె కండ్లలకే చూసుకుంట.

"ఆమేన్" అన్నది సత్తవ్వ. కండ్లు తెరిచే అన్నది. ఒక్కొక్క అచ్చరం పలికి అన్నది. ఆమె వెనుక గ్రేస్ అన్నది, నిద్రకండ్లతోని అహరోను అన్నడు.

లిడియా చేతిసంచి ఒక్కటి భుజానికేసుకొని లేచింది. పళ్లెం ముట్టలే. అప్పటికి బెంజమినుకు నోరొచ్చింది. పక్కోళ్లకు ఇనబడకుండ, పండ్లు బిగబట్టి అన్నడు. "ఇదేం ప్రార్థన? నలుగురిల ఇజ్జత్ తీస్తవా? కూసో ముందు. తిన్నంక చూద్దాం."

లిడియా నిలబడ్డది గని కూసోలే.

"చూసేదేమున్నది బిడ్డా" అన్నది సత్తవ్వ. బిడ్డా అన్నది కొడుకును. "దేవుని ముందట ఆమేన్ అంటివి, నేనంటి. ఇగ ఆ మాట ఎనుకకు మల్లదు. దాన్ని పోనియ్యి, ఐదు కావస్తున్నది." బిర్యాని పళ్లెం మెల్లగ కొడుకు ముందటికి జరిపింది. "పోరనికి కారమైతది. పెరుగు కలిపి నువ్వు తినిపియ్యి."